ఆ రేకు డబ్బా మూత మాత్రం తీయకండి: పాత గని సామాన్లు, బ్లాస్టింగ్ సామాన్లు సేకరించడం గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. పాత సామాన్ల లాట్ ఒకటి కొంటే అందులో ఇత్తడి గని దీపం ఒకటి, పైన టీ అక్షరం ఆకారంలో పిడి ఉన్న చెక్క పెట్టె ఒకటి, మూత బిగుసుకుపోయిన గుండ్రటి రేకు డబ్బా ఒకటి వచ్చాయి, ఇవి ఒరిజినలేనా, దీపం తోమొచ్చా, ఇలాంటివి సేకరించడం ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. చివర్లో ఏదో చిన్న విషయంలాగా డబ్బా కొంచెం బరువుగా ఉంది, కదిపితే లోపల గలగలమంటోంది అని రాశారు. నాకు మిగతాదంతా మర్చిపోయి ఆ ఒక్క వాక్యం దగ్గరే కళ్ళు ఆగిపోయాయి, అందుకే చివరి నుంచి మొదలుపెడతా.

మీరు చెప్పిన సైజు, అచ్చు రంగులు చూస్తే అది బ్లాస్టింగ్ క్యాపుల డబ్బా. క్యాప్ అంటే డిటోనేటర్, డైనమైట్‌ని రేపడానికి వాడే చిన్న రాగి గొట్టం, వేలి పొడవు ఉంటుంది, మామూలుగా డబ్బాకి వంద వచ్చేవి. ఖాళీ డబ్బా అయితే దానంత అందమైన వస్తువు ఇంకోటి లేదు, కానీ గలగలమనే డబ్బా ఖాళీది కాదు. ఒకసారి కదిపి చూశారు, చాలు, ఇంక కదపొద్దు. మూత తీయొద్దు, నూనె వేసి నానబెట్టొద్దు, బకెట్ నీళ్ళలో పడేయొద్దు, కార్లో పెట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. ఎక్కడుందో అక్కడే వదిలేసి, ఆ గదిలోకి ఎవరూ రాకుండా తలుపు వేసి, పోలీసులకి ఫోన్ చేసి పాత డిటోనేటర్లు అని అనుమానంగా ఉంది అని చెప్పండి, వాళ్ళు బాంబ్ స్క్వాడ్‌ని పంపిస్తారు. చెప్పినందుకు ఎవరూ మిమ్మల్ని తిట్టరు, తీరా చూస్తే లోపల మేకులే ఉన్నాయనుకోండి, నవ్వుకుని వెళ్ళిపోతారు, అంతే కదా.

పాతబడింది కాబట్టి చచ్చిపోయి ఉంటుందిలే అనుకోవడం ఈ హాబీలో అందరూ మొదట చేసే తప్పు. ఈ పేలుడు మందులు పాత మాత్రల్లాగా పవర్ తగ్గిపోయేవి కావు, తేమ తగిలి, లోహంతో కలిసి ఇంకా సున్నితంగా మారొచ్చు. ఒక్క క్యాప్ చాలు వేళ్ళు పోవడానికి, కళ్ళు పోవడానికి. అమెరికాలో పేలుడు పదార్థాల తయారీదారుల సంఘం పిల్లల కోసం ప్రత్యేకంగా పోస్టర్లు వేసేది, రకరకాల క్యాపుల బొమ్మలు వేసి ఇవి కనబడితే ముట్టుకోవద్దు, పెద్దవాళ్ళకి చెప్పండి అని. బొమ్మలనుకుని పిల్లలు ఆడుకుని దెబ్బలు తిన్నారు కాబట్టే వేశారు. తమాషా ఏంటంటే ఇప్పుడు ఆ పోస్టర్లు కూడా కలెక్టర్లు వెతికి వెతికి కొంటారు.

నేనేమీ పుట్టుకతో తెలివైనవాణ్ణి కాదు. మొదటి ఏడాదిలో ఒక అమ్మకందారు ఖాళీదే అని చెప్పిన డబ్బాని ఇంటికి తెచ్చి, టేబుల్ ల్యాంప్ కింద పెట్టుకుని, వెన్న కత్తితో మూత లేపా. లోపల గుండ్రటి గుడ్డముక్క, దాని కింద రంపపు పొట్టు, ఆ పొట్టులో రెండు క్యాపులు. అప్పుడు నా చేతులు వణకలేదు, అసలు అవేంటో తెలిస్తే కదా వణకడానికి. తర్వాత వచ్చిన ఆఫీసర్ చెప్పాక వణికాయి. అప్పట్నించి నా రూల్ ఒకటే, ఇది ఒరిజినలా అనేది రెండో ప్రశ్న, ఇది ఖాళీయా అనేది మొదటి ప్రశ్న. మూత తీసి లోపలి అడుగు కనబడేలా ఉన్న ఫోటో పంపకపోతే డబ్బా ఎంత అరుదైనదైనా కొనను. నా దగ్గరున్న ప్రతి డబ్బా మూత తెరిచే అరలో పెట్టుంటుంది, ఇంటికొచ్చినవాళ్ళు చూడగానే ఖాళీ అని తెలియాలి.

ఇదే మాట ఫ్యూజ్ తాడు చుట్టలకి, బ్లాక్ పౌడర్ (నల్ల మందు) పీపాలకి, డైనమైట్ కాగితం గొట్టాలకి కూడా. ఫ్యూజ్ అంటే మామూలు తాడులాగే ఉంటుంది కానీ మధ్యలో నల్ల మందు ఉంటుంది, ఎన్నేళ్ళైనా అంటుకోవచ్చు. ఫ్యూజ్ అమ్మిన ఖాళీ డబ్బా కొనుక్కోండి, ఫ్యూజ్ కొనకండి. డమ్మీ డైనమైట్ కడ్డీలు, సేల్స్‌మెన్లు చూపించే శాంపిల్ బోర్డులు అని అమ్ముతుంటారు, వాటిలో నిజంగా డమ్మీలు ఉంటాయి, కానీ నేనైతే కాగితం ఆధారం లేకుండా డమ్మీని కూడా ఇంట్లోకి రానివ్వను. అతి జాగ్రత్త అంటారా, అననివ్వండి.

డైనమైట్ పెట్టెల గురించి ఒక మాట, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మొదట కొనేది అవే, చూడ్డానికి బాగుంటాయి, పుస్తకాలు పెట్టుకోవచ్చు. మూలల్లో చెక్క పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటాయి, పక్కల మీద కంపెనీ పేరు, హై ఎక్స్‌ప్లోజివ్స్, డేంజరస్ అని ముద్ర ఉంటుంది. లోపల మైనం కాగితం వేసేవాళ్ళు, అయినా డైనమైట్ పాతబడితే నైట్రోగ్లిసరిన్ చెమటలాగా బయటికి ఊరుతుంది, అది చెక్కలోకి ఇంకొచ్చు. అందుకని లోపల జిడ్డు మరకలున్న పెట్టెని ఎంత అందంగా ఉన్నా వదిలేయండి, ఇప్పటికే ఇంట్లో ఉంటే దానికి మేకులు కొట్టడం, సాండ్‌పేపర్ పెట్టి రుద్దడం, పొయ్యిలో పడేయడం లాంటివి చేయకుండా ఆ క్యాప్ డబ్బాతో పాటే చూపించండి. నైట్రోగ్లిసరిన్ చర్మంలోంచి కూడా ఎక్కుతుంది, రక్తనాళాలు వెడల్పై తలనొప్పి వస్తుంది, 1847లో దాన్ని కనిపెట్టిన అస్కానియో సొబ్రేరో నాలుక మీద కొంచెం వేసుకుని తలనొప్పి తెచ్చుకున్నాడు, తర్వాత డైనమైట్ ముట్టుకునే గని కార్మికులందరికీ అదే తలనొప్పి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలో ఉండేదీ అదే.

సరే, ఇంక మీ చెక్క పెట్టె. సినిమాల్లో విలన్ పిడిని కిందకి నొక్కగానే వంతెన పేలిపోతుంది చూడండి, అదే ఇది. చాలామంది దీన్నే బాంబు అనుకుని భయపడతారు, నిజానికి మీ మూడు వస్తువుల్లో ఏ గొడవా లేనిది ఇదే, లోపల మందేమీ ఉండదు, ఉన్నదల్లా చిన్న డైనమో. హెన్రీ జూలియస్ స్మిత్ అనే అమెరికన్ 1878లో ఈ రకానికి పేటెంట్ తీసుకున్నాడు. పిడికి కింద పళ్ళున్న పొడవాటి కడ్డీ ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ పళ్ళు చక్రాన్ని తిప్పుతాయి, చక్రం డైనమోని తిప్పుతుంది, అయితే కరెంటు వెంటనే బయటికి రాదు, కడ్డీ పెట్టె అడుగుకి తగిలినప్పుడు లోపల ఒక స్విచ్ కదిలి అప్పటిదాకా పోగైన వేగమంతా ఒక్క దెబ్బలో తీగల్లోకి వెళ్తుంది. అందుకే మెల్లగా నొక్కితే ఏమీ జరగదు, ఒళ్ళంతా బరువు వేసి అడుగుదాకా గట్టిగా నొక్కాలి. పెట్టె మీద 10 క్యాపులు, 30 క్యాపులు, 50 క్యాపులు అని రాసుంటుంది, ఒకేసారి అన్ని పేల్చగలదు అని అర్థం.

కొనేముందు పిడి పైకి లాగి చూడండి, పళ్ళు గరగరమంటూ చక్రాన్ని పట్టుకుంటున్నట్టు చేతికి తెలియాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతుంటే లోపల ఖాళీ పెట్టె అనమాట, షూటింగులకి, బార్లలో అలంకారానికి చేసిన డూప్లికేట్లు బోలెడున్నాయి. తీగలు తగిలించే టెర్మినల్స్ దగ్గర రెక్కల నట్లు ఇత్తడివై ఉండాలి, మోసుకెళ్ళే తోలు పట్టీ ఉంటే అదృష్టం, మామూలుగా ఎలకలో పురుగులో తినేసి ఉంటాయి. ముందువైపు కంపెనీ స్టిక్కర్ కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి, మెషిన్ నిజమైనదే కావచ్చు, స్టిక్కర్ మాత్రం మొన్న ప్రింటయింది. చెక్కంతా గీతలు పడి స్టిక్కర్ ఒక్కటే చెక్కుచెదరకుండా ఎలా ఉంటుంది చెప్పండి. ఇంకోటి, పనిచేసే మెషిన్ అయితే నొక్కేటప్పుడు టెర్మినల్స్ ముట్టుకోకండి, గట్టిగానే కొడుతుంది, నాకు తెలుసు ఎలా తెలుసో అడగొద్దు. ఊరికే చుట్టాలకి చూపించడానికి పదేపదే దబాదబా నొక్కకండి, ఎండిపోయిన గ్రీజుతో పళ్ళు విరుగుతాయి, విరిగితే స్పేర్ దొరకదు.

నాకు వీటికంటే మెలితిప్పే రకం ఇష్టం, చేతిలో పట్టేంత చిన్నది, పైన తాళంచెవిలాగా ఒక పిడి పెట్టి ఒక్కసారి గిరుక్కున తిప్పాలి. దీంట్లో పిడి ఊడొస్తుంది, అది డిజైన్ లోపం కాదు, పేల్చేవాడు తీగలు కలపడానికి వెళ్ళేటప్పుడు పిడిని జేబులో వేసుకుని వెళ్ళేవాడు, అతను లోపలుండగా ఇంకెవరూ పొరపాటున కూడా పేల్చలేకుండా. అందుకే ఇప్పుడు పది మెషిన్లు కనబడితే తొమ్మిదింటికి పిడి ఉండదు. పిడి ఉన్న మెషిన్ దొరికితే ఎక్కువైనా ఇచ్చి కొనండి, తర్వాత విడిగా పిడి దొరుకుతుందిలే అనుకుంటే ఏళ్ళు గడిచిపోతాయి.

వీటితో పాటే చిన్న గాల్వనోమీటర్లు కూడా వస్తాయి, లైన్ సరిగ్గా కలిసిందో లేదో చూసుకునే మీటర్లు. వాటిలో సిల్వర్ క్లోరైడ్ సెల్ వాడేవాళ్ళు, అది చాలా తక్కువ కరెంటు ఇస్తుంది కాబట్టి పరీక్షించేటప్పుడు క్యాప్ పేలదు. మామూలు సెల్ వేస్తే ఆ భద్రత పోతుంది. మీ అలమరాలో ఉన్నదానికి ఏ సెల్ వేసినా ఎవరికీ ఏం కాదులే, కానీ ఒరిజినల్ సెల్ ఖాళీ గుల్ల ఉంటే పారేయకండి, దానికోసం పడి చచ్చేవాళ్ళున్నారు.

క్యాప్ బిగించే పట్టకార్లు చవగ్గా దొరుకుతాయి, కొత్తవాళ్ళకి మంచి మొదలు. రాగి గొట్టంలోకి ఫ్యూజ్ దూర్చి దాన్ని నొక్కి బిగించడానికి వాడేవి, ఒక కాలు చివర కోసుగా, ఇంకో కాలు చివర స్క్రూడ్రైవర్‌లాగా ఉంటుంది. ఇది లేనప్పుడు కొంతమంది పళ్ళతో కొరికి బిగించేవాళ్ళు, నిజం, కంపెనీలు అలా చేయొద్దని మొత్తుకునేవి. ఈ పట్టకార్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, కాబట్టి పాతది అని ఎవరైనా అంటే ముందు దాని మీద పేరు చూడండి.

పేరుతో తేదీ ఎలా పట్టాలో ఇక్కడే చెప్పేస్తా, ఈ హాబీలో సగం ఆనందం ఇందులోనే ఉంది. అమెరికాలో నల్ల మందు చేయడానికి డూపాంట్ కంపెనీ 1802లో పుట్టింది, తర్వాత మిగతా కంపెనీలని కొనుక్కుంటూ పోయింది, గుత్తాధిపత్యం అని కోర్టు 1912లో దాన్ని విడగొట్టమంది, అలా పుట్టినవే హెర్క్యులిస్ పౌడర్ కంపెనీ, అట్లాస్ పౌడర్ కంపెనీ. అంటే డబ్బా మీద తయారీదారుగా హెర్క్యులిస్ పౌడర్ కంపెనీ, విల్మింగ్టన్ అని ఉంటే అది 1912కి ముందుది అయ్యే ఛాన్సే లేదు, అమ్మేవాడు 1880ల నాటిది అని ఒట్టేసి చెప్పినా సరే. కానీ ఇక్కడో మెలిక ఉంది, హెర్క్యులిస్ అనేది అంతకు చాలా ముందే ఒక డైనమైట్ బ్రాండ్ పేరు, 1870ల నుంచే ఉంది, కాబట్టి హెర్క్యులిస్ అనే మాట ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, అది బ్రాండా కంపెనీనా, ఊరు ఏది అని మొత్తం లైను చదవాలి. బ్రిటన్ వైపు అయితే నోబెల్ కంపెనీ స్కాట్లండ్‌లోని ఆర్డీర్‌లో 1870ల నుంచి ఉంది, 1926లో నాలుగు కంపెనీలు కలిసి ఐసీఐ (ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్) అయ్యాయి, కాబట్టి లేబుల్ మీద ఐసీఐ అని ఉంటే దాని తర్వాతది. డైనమైట్‌కి ఆల్ఫ్రెడ్ నోబెల్ పేటెంట్ తీసుకున్నది 1867లో, కాబట్టి అంతకు ముందరి డైనమైట్ పెట్టె అని ఎవరైనా అంటే నవ్వి పక్కకి వెళ్ళిపోండి. నేను ఒకసారి నవ్వలేదు, కొన్నా.

డైనమైట్ కంటే ముందు రోజుల సామాన్లు కావాలంటే రాగి సూదుల కోసం చూడండి. రాయిలో తొలిచిన రంధ్రంలో నల్ల మందు పోసి, పైన మట్టి కూరేటప్పుడు మధ్యలో ఒక పొడవాటి సూది ఉంచేవాళ్ళు, తర్వాత దాన్ని లాగేస్తే నిప్పు వెళ్ళడానికి దారి మిగులుతుంది. ఇనుప సూది అయితే రాయికి రాసుకుని నిప్పురవ్వ లేస్తుంది, మనిషి అక్కడే పోతాడు, అందుకని రాగి. ఇంగ్లండ్ కార్న్‌వాల్‌లో విలియం బిక్‌ఫర్డ్ అనే తోలు వ్యాపారి ఇలాంటి చావులు చూసి చూసి, తాడు పేనే పద్ధతిలోనే మధ్యలో మందు పెట్టి పేనితే నిప్పు ఒకే వేగంతో వెళ్తుంది కదా అని 1831లో సేఫ్టీ ఫ్యూజ్ చేశాడు. ఆ తర్వాత సూదులతో పని తగ్గిపోయింది. చూడ్డానికి ఒక సన్నటి రాగి కడ్డీ, పైన రింగు, అంతే, పాత రాగి సామాన్ల కుప్పలో తూకానికి అమ్మేస్తుంటారు, కళ్ళు తెరిచి ఉంచుకుంటే దొరుకుతుంది.

ఇప్పుడు మీ దీపం. నా అసలు పిచ్చి ఇదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

బొగ్గు గనుల్లో మీథేన్ ఊరుతుంది, గాల్లో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో అలాగే 92 మంది పోయారు, అందులో చిన్న పిల్లలు కూడా. ఆ తర్వాత క్లానీ అనే డాక్టరు, హంఫ్రీ డేవీ అనే సైంటిస్టు, తర్వాత రైలింజన్లతో పేరు తెచ్చుకున్న జార్జ్ స్టీఫెన్సన్, ముగ్గురూ విడివిడిగా దీపాల మీద పడ్డారు, డేవీది, స్టీఫెన్సన్‌ది 1815లోనే వచ్చాయి, ఎవరు ముందు అని పెద్ద గొడవ కూడా అయింది. డేవీ కనిపెట్టింది ఏంటంటే మంట చుట్టూ సన్నటి తీగ జల్లెడ పెడితే ఆ తీగ వేడిని లాగేసుకుంటుంది, లోపల గ్యాస్ కాలినా ఆ మంట బయటికి దాటదు. పేటెంట్ తీసుకోలేదు, అది ఆయన గొప్పతనం. కానీ ఆ దీపం వెలుగు కొవ్వొత్తికన్నా తక్కువ, తవ్విన బొగ్గుకింత అని కూలి తీసుకునేవాడు చీకట్లో ఎంత తవ్వుతాడు, అందుకని జల్లెడ విప్పేసేవాళ్ళు, అందుకే దీపాలకి తాళాలు వచ్చాయి.

మీ దీపం నిజమైనదో కాదో ముందు ఆ తాళమే చెప్తుంది. పని దీపం అయితే కింది నూనె బుడ్డి పై భాగంలోకి మరలాగా బిగుస్తుంది, ఆ రెండూ కలిసే చోట తాళం ఉంటుంది, సీసపు రివెట్ పెట్టి ముద్ర వేసే చెవి కావచ్చు, స్క్రూ కావచ్చు, అయస్కాంతంతో మాత్రమే తెరుచుకునే రకం కావచ్చు. జర్మనీలో త్స్వికావ్ ఊరి ఫ్రీమన్ అండ్ వోల్ఫ్ దీపాలు 1880ల నుంచి అయస్కాంతం తాళంతో, తెరవకుండానే లోపలే వత్తి వెలిగించుకునే మీటతో వచ్చేవి, బుర్ర ఉన్న పని. తాళం ఆనవాలే లేకపోతే, బయట కడ్డీలు సన్నగా ఉంటే, గ్లాసు పైన బోనెట్ (జల్లెడని కప్పే లోహపు టోపీ) విప్పితే లోపల జల్లెడ లేకపోయినా, ఉన్నది ఇత్తడి రంగులో తళతళలాడుతున్నా, అది షోకేస్ దీపం, టూరిస్టులకి చేసింది. పని దీపాల్లో జల్లెడ మామూలుగా ఉక్కుది, నల్లగా ఉంటుంది, తర్వాతి కాలం వాటిలో ఒకదాంట్లో ఒకటి రెండు ఉంటాయి. వెల్ష్ (బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు) పేర్లతో నేమ్ ప్లేట్లు తగిలించిన బొమ్మ దీపాలు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి, అవి చెడ్డవని కాదు, అల్మరాలో బాగానే ఉంటాయి, కానీ గనిలోకి ఎప్పుడూ దిగలేదు, ఆ రేటు ఇవ్వకండి.

తర్వాత నంబర్లు. బుడ్డి మీద ఒక నంబరు, బోనెట్ మీద ఒక నంబరు కొట్టి ఉంటాయి. రెండూ ఒకటే అయితే సంతోషం. వేరైతే దొంగది అని కాదు, లాంప్ రూంలో, అంటే గని దగ్గర దీపాలు ఉంచే గదిలో, రోజూ వందల దీపాలు విప్పి కడిగి మళ్ళీ బిగించేవాళ్ళు, కలిసిపోతాయి కూడా, కానీ జత కుదిరినదానికి విలువ ఎక్కువ. ఆ నంబరుకి జోడీగా ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది, కార్మికుడు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవాడు, పైకి వచ్చి దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేవాడు, బోర్డు మీద మిగిలిన బిళ్ళలు చూస్తే లోపల ఇంకా ఎవరున్నారో తెలిసిపోయేది. ప్రమాదం జరిగిన రోజు ఆ బోర్డు ముందు నిలబడ్డ ఇంటివాళ్ళని తలుచుకుంటే ఆ బిళ్ళ చేతిలో వేరేగా ఉంటుంది. బ్రిటన్ గనులు 1947 జనవరి 1న జాతీయం అయ్యాయి, నేషనల్ కోల్ బోర్డ్ పేరున్న బిళ్ళలు ఆ తర్వాతవి, పాత ప్రైవేటు కంపెనీ పేరున్నవి అంతకు ముందువి. నకిలీలు విపరీతంగా ఉన్నాయి. రంధ్రం పై అంచు చూడండి, ఏళ్ళ తరబడి మేకుకి వేలాడినదైతే అక్కడ అరిగి ఉంటుంది, నకిలీలో రంధ్రం గుండ్రంగా, పదునుగా ఉంటుంది, అక్షరాలు పోతపోసినట్టు మెత్తగా ఉంటాయి.

తోమొచ్చా అన్నారు. ఇక్కడ చాలామంది కలెక్టర్లు నాతో ఒప్పుకోరు. మీ దీపంలాంటి జల్లెడ ఉన్న సేఫ్టీ దీపం అయితే తోమినా పాపం కాదు అంటా, ఎందుకంటే అది పనిలో ఉన్నన్నాళ్ళూ లాంప్ రూంలో బ్రష్షుల కింద రుద్దుడు తింటూనే బతికింది, చిలుముతో కాదు. మెత్తటి గుడ్డతో, కొంచెంగా, నంబర్లు అరిగిపోకుండా. మెషిన్ బఫ్ మాత్రం వద్దు, అంచులు గుండ్రంగా కరిగిపోయి బొమ్మలాగా తయారవుతుంది. కార్బైడ్ దీపం, పట్టకారు, కొవ్వొత్తి హోల్డరు లాంటివైతే చెయ్యి పెట్టొద్దు, వాటి రంగే వాటి సర్టిఫికెట్. నా మొదటి కార్బైడ్ దీపాన్ని పులుపు పెట్టి తోమి బంగారంలాగా చేసి గర్వంగా ఒక పెద్దాయనకి చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, కొత్తది కొన్నావా అన్నాడు. రంగు అచ్చు ఉన్న రేకు డబ్బాలకైతే (ఖాళీవి, మళ్ళీ చెప్తున్నా) నీళ్ళు, సబ్బు, పాలిష్ ఏదీ తగలకూడదు, పొడి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి పొడి చోట పెట్టుకోవడమే. ఇనుప సామాన్లకి తుప్పు రాలిపోయేంత మాత్రం తీసి పల్చగా మైనం రాస్తే చాలు.

కార్బైడ్ దీపం అన్నా కాబట్టి చెప్పాలి, మొదటి కలెక్షన్‌కి నేను అందరికీ చెప్పేది అదే. పై అరలో నీళ్ళు, కింది అరలో కాల్షియం కార్బైడ్, చుక్క చుక్క పడితే ఎసిటిలీన్ గ్యాస్ వచ్చి చిన్న రంధ్రంలోంచి తెల్లటి మంట, వెనక గిన్నె లాంటి రిఫ్లెక్టర్, టోపీకి తగిలించుకునేది. 1900లో ఫ్రెడరిక్ బాల్డ్విన్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు, తర్వాత జస్ట్‌రైట్, ఆటోలైట్, గైస్ డ్రాపర్ అని రకరకాల బ్రాండ్లు. లక్షల్లో తయారయ్యాయి కాబట్టి ఇంకా దొరుకుతాయి, రకాలు ఎక్కువ కాబట్టి బోరు కొట్టదు. గ్యాస్ లేని గనుల్లోనే వాడేవాళ్ళు, మంట బయటికే ఉంటుంది కదా. కింది అర విప్పితే గట్టిపడిన తెల్ల సున్నం పొర ఉంటే అది వాడిన దీపం. సున్నం బదులు బూడిద రంగు గడ్డలు ఉంటే అది ఇంకా నీళ్ళు తగలని కార్బైడ్, తడి తగలనివ్వకండి, బయట గాలి తగిలే చోట నిప్పుకి దూరంగా మాత్రమే విప్పండి. పాత ఎలక్ట్రిక్ టోపీ దీపాల బ్యాటరీలు కూడా అంతే, లోపల ఆసిడ్ కానీ ఎడిసన్ రకమైతే క్షారం కానీ కారి ఉంటుంది, గ్లవ్స్ లేకుండా విప్పొద్దు.

ఒకే ఒక్క వస్తువు విషయంలో మాత్రం కొత్తవాళ్ళు కొన్నాళ్ళు ఆగాలి అంటా, అది గని కొవ్వొత్తి హోల్డరు. ఒక చివర గోడలో గుచ్చే మొన, పక్కన తగిలించే కొక్కెం, మధ్యలో కొవ్వొత్తి రింగు. మామూలువి కమ్మరి చేసినవి, పెద్ద విలువ ఉండదు, పువ్వులు, మెలికలు, పేర్లు చెక్కినవి మాత్రం ఆకాశంలో ఉంటాయి, సరిగ్గా వాటినే నకిలీ చేస్తారు, పాత ఇనుముతోనే చేస్తారు కాబట్టి తుప్పు చూసి కనిపెట్టలేరు. ఓ వంద నిజమైనవి చేత్తో పట్టుకుని చూశాక కొనండి.

ఎక్కడ వెతకాలి అంటే పాత గని ఊళ్ళలో ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు, వేలంపాటల్లో, తోటి కలెక్టర్ల దగ్గర. మూసేసిన గనుల్లోకి మాత్రం సామాన్ల కోసం దిగకండి. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది, పాతవాళ్ళకి అదే హెచ్చరిక, మీ చేతిలో ఎల్ఈడీ టార్చి మాత్రం మీరు పడిపోయాక కూడా వెలుగుతూనే ఉంటుంది. పైగా నేను ముట్టుకోవద్దన్న క్యాపులూ డైనమైటూ అక్కడ నిజంగానే ఉండొచ్చు, నిండుగా. కొరియర్‌లో పంపించేటప్పుడు ఖాళీ పెట్టె మీద ఉన్న ఎక్స్‌ప్లోజివ్స్ అనే అక్షరాలు బయటికి కనబడకుండా ప్యాక్ చేయడం కాదు, ముందే వాళ్ళకి చెప్పి, ఖాళీ అని ఫోటోలు లోపల పెట్టి పంపండి. విమానంలో మాత్రం చేతి సంచిలో వద్దు, ఆ కథ ఇంకోసారి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ముందు ఆ ఫోన్. డబ్బా వెళ్ళిపోయాక దీపం మూడు ఫోటోలు పెట్టండి, బుడ్డి అడుగు, తాళం ఉండే చోటు దగ్గర్నించి, బోనెట్ విప్పి జల్లెడ కనబడేలా. చెక్క పెట్టెకి ముందు స్టిక్కర్, వెనకాల టెర్మినల్స్ ఫోటో చాలు. స్క్వాడ్ వాళ్ళు డబ్బాని ఖాళీ చేసి తిరిగి ఇస్తారేమో అడిగి చూడండి, మామూలుగా ఇవ్వరు, కనీసం మూత మీద అక్షరాలు దూరం నుంచి జూమ్ చేసి ఒక ఫోటో తీయించుకోండి, ఏ కంపెనీదో తెలుసుకోవాలని నాకూ ఉంది.